దొడ్డబెట్ట దారిలో దాయాది పూలు

గురువారం రాత్రి, చెన్నై సెంట్రల్

మేము నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేసరికి రాత్రి తొమ్మిది కావస్తోంది. మా చిన్నత్త చెన్నైలో చాలాకాలం డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పి రిటైరైంది. పెరంబూరులోని ఆమె ఇంట్లో ఇప్పటికీ బట్టల బీరువాలో సగం ఎండబెట్టిన మొక్కలు అంటించిన అట్టలే ఉంటాయి. సెప్టెంబరులోనే నీలగిరులకు పోవాలని పట్టుబట్టింది ఆమే. వేసవిలో ఊటీకి పోయేవాళ్లు తోటమాలి నాటిన పూలు చూసి వస్తారని, కొండ తనంతట తాను పూసేది చూడాలంటే నైరుతి వానలు కాస్త తెరిపినిచ్చే వరకు ఆగాలని ఆమె వాదన.

సామాను పెద్దగా లేదు. స్వెటర్లు, రైల్లోకి పులిహోర, పదిరెట్లు పెద్దదిగా చూపే చేతి లెన్సు, పౌడరు డబ్బాలోంచి ఊడదీసిన చిన్న గుండ్రటి అద్దం, ఒక కట్ట జిరాక్సు కాగితాలు తీసుకున్నాం. అద్దం ఎందుకని అడిగితే, కొండ మీద పూలు కోయకూడదు కాబట్టి పువ్వును వంచకుండా, తెంచకుండా దాని వీపు చూడాలంటే ఇదే దారి అంది. జిరాక్సుల్లో సగం, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో వృక్షశాస్త్రం బోధించిన ఫైసన్ నీలగిరి, పళని కొండల శిఖర ప్రాంతాల మొక్కల మీద 1915 నుంచి 1920 వరకు వెలువరించిన మూడు సంపుటాలలోవి. మిగిలినవి అంతకు ముందు తరానికి చెందినవి. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు రాబర్ట్ వైట్ 1840 మొదలు పుష్కరానికి పైగా అచ్చువేయించిన దక్షిణాది మొక్కల బొమ్మలవి. ఆ బొమ్మలు గీసినవాళ్లు రంగయ్య, గోవిందు అనే చిత్రకారులు. గోవిందు పనితనానికి ముచ్చటపడి వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి, అంటే దగ్గరి పోలికలున్న జాతుల గుంపుకు, గోవిందూయా అని పేరు పెట్టాడు. తరువాతి శాస్త్రజ్ఞులు ఆ మొక్కను మరో ప్రజాతిలో కలిపేయడంతో ఆ పేరు వాడుకలో లేకుండా పోయింది. మద్రాసు చరిత్ర గురించి ఎంతో రాసుకునే మన తెలుగువాళ్లు ఈ ఇద్దరి ఊసు ఎత్తకపోవడం నాకు వింతగానే అనిపిస్తుంది.

బెర్తు మీద ఆ కాగితాలు పరిచి అత్త నాకు చూపించింది మొక్క బొమ్మ కాదు, దాని కింద వరుసగా వేసిన చిన్న చిన్న బొమ్మలు: నిలువునా చీల్చిన పువ్వు, విడిగా ఒక కేసరం, అడ్డంగా కోసిన అండాశయం.

“ఫోన్లో తీసిన ఫొటోలో అన్నీ పడతాయి అమ్మణ్ణీ, ఏది చూడాలో మాత్రం అది చెప్పదు. వీళ్లు చెప్పారు, చూడు” అంది.

ఒక ప్రజాతిలోని దాయాది జాతులను విడదీసే ఆనవాళ్లు చాలావరకు ఆ చిన్న బొమ్మల్లోనే ఉంటాయని కొండ ఎక్కాక నాకు తెలిసివచ్చింది.

శుక్రవారం, మేట్టుపాళయం నుంచి కూనూరు

తెల్లవారి మేట్టుపాళయంలో దిగి, ఎదుటి ప్లాట్‌ఫారం మీది చిన్న రైలెక్కాం. కల్లార్ దాటాక పట్టాల నడుమ పళ్ల కమ్మీ మొదలవుతుంది. ఇంజను కింది పళ్లచక్రం ఆ కమ్మీని పట్టుకుని, ఎగువకు బండిని నెట్టుకుంటూ పోతుంది. కూనూరు వరకు ఈ మార్గం 1899లోనూ, అక్కడి నుంచి ఊటీ వరకు 1908లోనూ పూర్తయింది. కిటికీ పక్కన పొడుగునా కనిపించిన నారింజ, గులాబి రంగుల గుత్తులు అమెరికా ఖండం నుంచి వచ్చి మన అడవులను ఆక్రమించిన లాంటానావి కావడంతో, అత్త వాటివైపు తల కూడా తిప్పలేదు.

మధ్యాహ్నం కూనూరు నుంచి ల్యాంబ్స్ రాక్ వైపు వెళ్లే రోడ్డు మీద నడిచాం. ఒక పక్క తేయాకు తోట, మరో పక్క నీరూరుతున్న రాతిగోడ. గోడ పొడవునా గులాబి, ఎరుపు, తెలుపు రంగుల్లో బాల్సమ్ పూలు విరగబూసి ఉన్నాయి. ఇంపేషియన్స్ అనే ఈ ప్రజాతికి పడమటి కనుమలు పుట్టిల్లనే చెప్పాలి. ఇక్కడ వందకు పైగా జాతులున్నాయి, వాటిలో అత్యధిక భాగం ప్రపంచంలో మరెక్కడా పెరగవు. నేను ఉత్సాహంగా ఫోన్ తీయబోతే అత్త ఆపింది. గోడ మీదివన్నీ తూర్పు ఆఫ్రికా నుంచి కుండీల్లో వచ్చి, కుండీల్లోంచి కొండ మీదికి దిగిన వాలెరియానా జాతివేనట.

అది పరాయిదని ఎలా తెలిసిందంటే, ముఖం చూసి. వాలెరియానా పువ్వు ముఖం బల్లపరుపుగా ఉంటుంది. అయిదు రేకులూ దాదాపు ఒకే తీరుగా విచ్చుకుని, వెనకాల దారంలాంటి సన్నని తోక వేలాడుతుంది. ఈ కొండల సొంత బాల్సమ్‌లలో ఎక్కువ వాటికి అంత తేటైన ముఖం ఉండదు. పై రేకు గొడుగులా ముందుకు వంగుతుంది. పక్కనున్న నాలుగు రేకులు రెండేసి చొప్పున అతుక్కుని రెండు రెక్కలవుతాయి. అడుగున ఉన్న రక్షకపత్రం దోనెలాగానో గరాటులాగానో ఉబ్బి, చివర తోకగా సాగుతుంది. మకరందం ఉండేది ఆ తోకలోనే. దాని పొడవు, వంపు ఏ పురుగు నాలుక అందుకోగలదో నిర్ణయిస్తాయి కాబట్టి, ఇంపేషియన్స్ జాతులను గుర్తించడంలో రంగు కంటే తోకకే ఎక్కువ విలువ.

రోడ్డు షోలా అడవి, అంటే కొండ మడతల్లో పెరిగే దట్టమైన చిన్న అడవి, అంచును తాకిన మలుపులో తెల్ల బాల్సమ్ కనిపించింది. నడుమెత్తు పొద, చీకటి నీడలో తెల్లటి పూలు. ఇది లెషెనాల్టియై. పుదుచ్చేరిలో ఉంటూ 1819లో నీలగిరులకు వచ్చి మొక్కలు సేకరించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లెషెనాల్ట్ పేరు దీనికి పెట్టారు. అత్త అద్దాన్ని పువ్వు కిందుగా చాచి, లెన్సు కంటికి ఆనించుకుని, నన్ను కూడా వంగి చూడమంది. ఒక పువ్వు గొంతులో అయిదు కేసరాలూ కలిసిపోయి చిన్న టోపీలా అండాశయాన్ని కప్పి ఉన్నాయి. పక్క పువ్వులో ఆ టోపీ లేదు, ఆకుపచ్చటి మొన మాత్రమే కనిపిస్తోంది. ఇవి రెండు జాతులా అని అడిగాను. కావట, ఒకే పువ్వుకు రెండు వయసులట. బాల్సమ్ పువ్వు మొదట పుప్పొడి పంచి, ఆ పని అయ్యాక టోపీని రాల్చేసి, తరువాత తాను పుప్పొడి అందుకోవడానికి సిద్ధమవుతుంది. తెలియనివాడు ఈ తేడాను పట్టుకుని ఒక జాతిని రెండు చేస్తాడు. రెండు జాతులను ఒకటి చేసేవాడు రంగును నమ్ముకున్నవాడు.

దిగువన తేయాకు తోటలోంచి కారే ఊట దగ్గర చిత్తడిలో మోకాలెత్తు లేని మరో గులాబి బాల్సమ్ ఉంది. దీన్ని గుర్తించడానికి పువ్వు దాకా పోనక్కర్లేదు. సన్నగా పొడుగ్గా ఉన్న ఆకులు, కాడ ఉందా లేదా అన్నట్టుగా, కణుపు దగ్గర జంటలు జంటలుగా ఎదురెదురుగా పుట్టాయి. దాయాదుల్లో చాలామందికి ఆకులు ఒకటి విడిచి ఒకటి వస్తాయి. ఎదురెదురు ఆకులు, లోపలికి వంగిన పొడవాటి తోక, చిత్తడి నేల, ఈ మూడూ కలిస్తే ఇంపేషియన్స్ చైనెన్సిస్ అని ధైర్యంగా రాసుకోవచ్చు. పండిన కాయ ఒకదాన్ని నా కొంగు తాకిందో లేదో, అది టప్పున పగిలి గింజలు నా చెప్పుల మీద పడ్డాయి.

శనివారం, దొడ్డబెట్ట

ఊటీ నుంచి దొడ్డబెట్టకు జీపు మాట్లాడుకున్నాం. డ్రైవరు నీలగిరుల్లోని బడగ సమాజానికి చెందిన కుర్రవాడు, తమిళంలో అత్తతో ఇట్టే కలిసిపోయాడు. శిఖరం ఎత్తు 2,637 మీటర్లు. పైన మబ్బు కమ్మి నాలుగడుగుల దూరం కూడా కనిపించలేదు. టెలిస్కోపు దగ్గర వరుసలో నిలబడిన జనాన్ని దాటి వెనక్కి వచ్చేసి, కిందికి దిగే దారిలో నడిచాం. మేము వచ్చింది పసుపు పూల కోసం.

ఈ కొండల్లో పసుపు పూల పొదలు రెండున్నాయి, రెండూ హైపెరికమ్ ప్రజాతివే. ఒకటి మైసూరెన్స్, రెండోది హుకేరియానమ్. రెంటినీ వైట్, ఆర్నాట్ కలిసి 1834లో ప్రచురించిన ఒకే గ్రంథంలో వర్ణించారు. రెండూ నిలువెత్తుకు పెరుగుతాయి. రెంటికీ బంగారు పసుపు రంగులో అయిదు పెద్ద రేకులు, నడుమ అయిదు కట్టలుగా గుబురు కేసరాలు, వాటి మధ్య అండాశయం మీంచి లేచే సన్నటి కాడల్లాంటి అయిదు కీలాలు ఉంటాయి. పర్యాటకుల ఫొటోల్లో రెండూ ఒకే పేరుతో చలామణీ అవుతుంటాయి. ఇంత దగ్గరి పోలికలున్న జంటను పక్కపక్కన పెట్టి చూడటమే ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే నచ్చిన పని.

ముందు కొమ్మను పట్టుకోమంది అత్త. కోయకుండా, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య లేత కొమ్మను మెల్లగా తిప్పాను. గట్టు మీది పొద కొమ్మకు నాలుగు అంచులు వేలికి తగిలాయి. ఇరవై అడుగుల దిగువన, షోలాకు దగ్గరగా ఉన్న పొద కొమ్మ నున్నగా గుండ్రంగా తిరిగింది. మొదటిది మైసూరెన్స్, రెండోది హుకేరియానమ్. కానీ ఒక్క గుర్తుతో తీర్పు చెప్పేయడం అత్తకు ఇష్టం ఉండదు, రెండో సాక్ష్యం అడుగుతుంది. ఆకులు చూశాం. మైసూరెన్స్ ఆకుకు కాడ లేదు, అడుగుభాగం కొమ్మను సగం చుట్టేసినట్టు అంటుకుని ఉంది. హుకేరియానమ్ ఆకుకు పొట్టిదే అయినా కాడ ఉంది, కొస మొద్దుగా ఉంది. మూడో సాక్ష్యం పువ్వులో దొరికింది. హుకేరియానమ్ రేకులు వెడల్పుగా, లోపలికి వంగి గిన్నెలా ఉన్నాయి. ఆ గిన్నె అడుగున కేసరాలు పొట్టిగా, రేకుల పొడవులో మూడో వంతుకు అటూఇటూగా, ఒత్తుగా పేర్చినట్టున్నాయి. వాటి మధ్య కీలాలు అండాశయం కంటే పొట్టివి. మైసూరెన్స్ పువ్వు బాహాటంగా విచ్చుకుంది. రేకులు ఒకవైపుకు తిరిగి గాలిపంకాలాగా ఉన్నాయి. కేసరాలు పొడవుగా, రేకుల్లో సగానికి పైబడి లేచి నిలిచాయి. కీలాలు అయిదూ విడివిడిగా, పొడుగ్గా, లెన్సు లేకుండానే లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. ఒకసారి ఈ పోలిక కంటికి పట్టాక, పదడుగుల దూరంలోని పొదను జీపులోంచే చెప్పగలిగాను. అత్త మాత్రం ప్రతిసారీ దిగి కొమ్మను తిప్పి చూసింది.

ఈ రెండు జాతులకు ఊర్లు కూడా వేరు. మైసూరెన్స్ దక్షిణాది కొండలతో పాటు శ్రీలంకలో పెరుగుతుంది. హుకేరియానమ్ ఇక్కడా ఉంది, మళ్లీ హిమాలయాల్లో, అక్కడి నుంచి నైరుతి చైనా వరకు ఉంది. నడుమ ఉన్న వేడి మైదానంలో మాత్రం కనిపించదు. దొడ్డబెట్ట మీద మెలికలు తిరిగిన మొద్దులతో నిలబడే రోడోడెండ్రాన్ చెట్టు కథ కూడా ఇదే, దాని బంధువులు హిమాలయాల్లో ఉన్నారు. పూర్వం భూమి చల్లబడిన కాలాల్లో కొండ మొక్కలు కొంత కిందికి దిగి విస్తరించి, మళ్లీ వేడెక్కినప్పుడు శిఖరాల మీదికి పరిమితమయ్యాయన్నది ఇందుకు శాస్త్రజ్ఞులు తరచుగా చెప్పే కారణాల్లో ఒకటి.

చీలమండ ఎత్తులో మరో రెండు హైపెరికమ్‌లున్నాయి. రోడ్డు పక్క తేమ గడ్డిలో గోరంత పసుపు పువ్వులు పూసే జపానికమ్ ఒకటి, దాని తోడు వైటియానమ్ ఇంకొకటి. వీటికి కీలాలు మూడే. లెన్సు నిజంగా పనికివచ్చింది ఇక్కడే. నేల మీద మోకాళ్లూని, ఆకు వెనక అద్దం పెట్టి మబ్బు వెలుతురును దానిలోంచి పంపితే, హైపెరికమ్ ఆకులకు సహజమైన పారదర్శకపు చుక్కలు సూదితో పొడిచినట్టు మెరిశాయి. వైటియానమ్‌కు వాటితోపాటు ఆకు అంచునా, రక్షకపత్రాల అంచునా నల్లటి చుక్కలు వరుసగా ఉంటాయి. జపానికమ్‌కు ఆ నల్లచుక్కలు ఉండవు. ఇంతే తేడా, కానీ ఇది చాలు. మోకాళ్లు తడిసిపోయినా ఆ నల్లచుక్కల వరుస చూసినందుకు నాకు చింత లేకపోయింది. డ్రైవరు మాత్రం ఈ ఇద్దరాడవాళ్లు ఏదో ఉంగరం పోగొట్టుకున్నారనుకుని వెతకడానికి వచ్చాడు.

సాయంత్రం ఊటీ శివార్లలో గడ్డి మైదానాల వైపు వెళ్తే అక్కడా పసుపే. ఇవి చిక్కుడు కుటుంబపు పూలు, దూరం నుంచి ఒకే రకం పొదల్లా కనిపిస్తాయి. నిజానికి రెండు, రెండూ బ్రిటిషువాళ్ల కాలంలో యూరప్ నుంచి వచ్చినవే. గోర్స్ పొదను చేత్తో గుర్తించవచ్చు, ఎందుకంటే అది గుచ్చుకుంటుంది, ఆకులే ముళ్లయిపోయాయి. దాని పువ్వు దగ్గర ముక్కు పెడితే కొబ్బరి వాసన వస్తుంది. స్కాచ్ బ్రూమ్‌కు ముళ్లు లేవు. పొడవాటి పచ్చటి చువ్వల్లాంటి కొమ్మలు, వాటి మీద నిలువునా అంచులు, ఎండితే నల్లబడి చిట్లే కాయలు ఉంటాయి. ఇవి దట్టమైన చోట నీలగిరుల సొంత గడ్డి, దాన్ని నమ్ముకున్న చిన్న పూలమొక్కలు బతకలేవు. అందంగా ఉన్నాయి కదా అన్నాను. “కబ్జాదారు ఇల్లు కూడా అందంగానే కట్టుకుంటాడు” అని అత్త జీపెక్కింది.

ఆదివారం, పైకారా మీదుగా నడువట్టం

పైకారా దారిలో గడ్డివాలు మీద గులాబి రంగు కంకుల ఆర్కిడ్ కనిపించింది, సాటిరియమ్ నేపాలెన్స్. పువ్వు వీపున రెండు తోకలున్నాయి. అదే గడ్డిలో పెరిగే హాబినేరియా ఆర్కిడ్లకు తోక ఒకటే. రెండూ నేల మీద పెరిగేవే, రెండూ కంకిగా పూసేవే కావడంతో తోకలు లెక్కపెట్టడమే వేగమైన పద్ధతి. బాల్సమ్ తోక రక్షకపత్రం సాగగా వచ్చింది, ఆర్కిడ్ తోక రేకులోంచి వచ్చింది. చూపుకు ఒకటే అనిపించినా పుట్టుక వేరు.

ఇంకాస్త ముందుకు పోయాక షోలా అంచున బళ్లు ఆగి ఉన్నాయి. నీలి పూలున్న ఎత్తయిన పొదల దగ్గర జనం సెల్ఫీలు తీసుకుంటున్నారు. డ్రైవరు కూడా “కురింజి, మేడమ్” అన్నాడు. అత్త అది కురింజి కాదనలేదు, ఔననీ అనలేదు. స్ట్రోబిలాంథిస్ ప్రజాతిలో ఈ కనుమల్లో ఎన్నో జాతులున్నాయి, చాలావాటి పూలు నీలం, ఊదా రంగుల్లో గంటల్లాగానే ఉంటాయి. జనం నోట్లో అన్నీ కురింజే. పన్నెండేళ్లకోసారి కొండలను నీలంగా మార్చే నీలకురింజి మాత్రం కుంథియానా జాతి. దాని ఇల్లు షోలా నీడ కాదు, బయటి ఎండ తగిలే గడ్డివాలు. అక్కడ చలిగాలికి పొట్టిగా, దట్టంగా, పక్కపక్కనే వేలకొద్దీ పెరుగుతుంది. మేము చూస్తున్నవి నీడలో పొడుగ్గా సాగిన పొదలు. అంటే, పువ్వు చూడకముందే మొక్క నిలబడిన చోటును బట్టి సగం తేలిపోయింది.

మిగతా సగం తేల్చడానికి అత్త నన్ను ఎదుటి గడ్డివాలులోకి తీసుకుపోయింది. అక్కడ పువ్వు లేని పొట్టి పొదలున్నాయి, ఎవరూ వాటివైపు చూడటం లేదు. ఆకులు ఎదురెదురుగా పుట్టి, అంచున గుండ్రటి నొక్కులతో ఉన్నాయి. తిప్పి చూస్తే అడుగున ఈనెలు ఉబ్బెత్తుగా వలలా అల్లుకుని ఉన్నాయి. ఆకుకు కాడ ఉంది. మహారాష్ట్రలోని కాస్ పీఠభూమి మీద ఏడేళ్లకోసారి పూసే సెసిలిస్ అనే దాయాదికి ఆకుకాడ ఉండదు. ముంబయి చుట్టుపక్కల కొండల్లో ఎనిమిదేళ్లకోసారి, 2008లో, 2016లో, 2024లో పూసిన కార్వీ ఇంకో దాయాది, దాని బలమైన కాండాలను అక్కడి గిరిజనులు ఇంటి గోడల తడికలకు వాడతారు. ఒక్కో జాతికి ఒక్కో గడువు, గడువు తీరాక కొండంతా ఒక్కుమ్మడిగా పూసి, గింజలు రాల్చి, చచ్చిపోతాయి. పైగా ఒకే జాతిలో కూడా ఒక్కో కొండకు లెక్క వేరు. మున్నార్ కొండల్లో నీలకురింజి 2006లో, 2018లో పూస్తే, చిక్కమగళూరు కొండల్లో 2022లో విరగబూసింది. అందువల్ల ఫలానా ఏడాది పూసింది కాబట్టి ఫలానా జాతి అని వాదించడం కుదరదు. పువ్వు లేని పదకొండేళ్లలోనూ ఆకును బట్టి గుర్తించగలిగినవాడికే ఆ మొక్క తెలుసని అత్త పిల్లలకు చెప్పేదట.

నడువట్టం దాటి కిందికి దిగుతుంటే గాలి వెచ్చబడింది, ఊదా రంగు పూల పొదలు మొదలయ్యాయి. ఇవి మెలాస్టోమా, ఓస్‌బెకియా అనే దాయాది ప్రజాతులవి. రెంటి ఆకులకూ అడుగు నుంచి కొస దాకా విల్లులా సాగే మూడో అయిదో ఈనెలుంటాయి కాబట్టి కుటుంబం చెప్పడానికి క్షణం పట్టదు. కుటుంబంలో ఎవరన్నది మాత్రం కేసరాలు చెప్పాలి. మెలాస్టోమా పువ్వులో కేసరాలు రెండు రకాలు: సగం పొడుగ్గా, ఊదాగా, కొడవలిలా వంగినవి, సగం పొట్టిగా, పసుపుపచ్చగా ఉన్నవి. పురుగు పసుపుపచ్చటి వాటి పుప్పొడికి ఆశపడి వాలితే, పొడవాటివి దాని ఒంటికి పుప్పొడి పూస్తాయి. ఓస్‌బెకియాలో కేసరాలన్నీ ఒకే తీరు. కాయ దొరికితే ఇంకా సులువు. మెలాస్టోమా పండు పగిలి లోపలి ముదురు గుజ్జు బయటపడుతుంది, తింటే నోరు నల్లబడుతుంది. ఓస్‌బెకియాది గుజ్జు లేని ఎండుకాయ. డ్రైవరు ఒక పండు నోట్లో వేసుకుని నాలుక చూపించాడు, మా తేడా తేలిపోయింది.

ఓస్‌బెకియాలో ఏ జాతి అన్నది అక్కడ తేల్చుకోలేదు. అందుకు పువ్వు కింది గిన్నెలాంటి భాగం మీద ఉండే నూగును, అది విడివిడి వెంట్రుకలుగా ఉందా, నక్షత్రాల్లా కొసన చీలి ఉందా, ఏ మేరకు పరుచుకుందో చూడాలి. అత్త లెన్సు మీద ఫోన్ కెమెరా ఆనించి ఆ నూగును నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసింది, పక్కన ఎత్తు, నేల, నీడ, మొక్క పొడవు పెన్సిలుతో రాసుకుంది. ఎండు మొక్కలను భద్రపరిచే మద్రాసు హెర్బేరియం పేరు మద్రాసుదే అయినా అది ఉండేది కోయంబత్తూరులో, బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా ప్రాంతీయ కేంద్రంలో. ముందుగా అనుమతి తీసుకుని వచ్చే నెల అక్కడికి పోయి, ఆ ఫొటోలను అక్కడి ఎండు మొక్కల పక్కన పెట్టి చూడాలన్నది ఆమె ఏర్పాటు. నన్ను కూడా రమ్మంది, రంగయ్య బొమ్మల జిరాక్సులు ఈసారి నన్నే మోసుకురమ్మంది.